నిమ్మకాయ తొక్కించిన కారు

నాకు సంతకం చేయడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే చదువుకున్నవాళ్లొకరు పక్కన కూర్చుని రాస్తున్నారు. నా గొంతు బొంగురుగా ఉందని ఏడుస్తున్నాననుకోవద్దు. ఎమ్మిగనూరులో మగ్గాల మధ్య పుట్టాను, మగ్గాల మధ్యకే కోడలిగా పోయాను. ఆ నూగంతా గొంతులోనే నిలిచిపోయింది. మా ఆయన మగ్గం గుంతలో కూర్చునే దగ్గి దగ్గి పోయాడు. బిడ్డలు లేరు. మూట కట్టుకుని బస్సెక్కి ఆదోనిలో తమ్ముడి దగ్గరికి వచ్చేశాను.

తమ్ముడిది రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు. ఒకటే గది. ముందర బల్ల, మధ్యలో గోనె పరదా, పరదా వెనక మా కాపురం. తమ్ముడు, మరదలు, నేను. ఆ గది పత్తి మిల్లు సావుకారుది. ఉండమన్నన్నాళ్లు ఉండాలి, లేవమంటే లేవాలి. ఆ మాట కూడా నిజానికి సావుకారుది కాదు, వాళ్లమ్మది. ఆమెను అందరూ అవ్వ అనేవాళ్లు. ఆమెకూ మొగుడు లేడు. పూజలప్పుడు తలుపు చాటునే కూర్చునేది. కాని ఆ చాటునుంచి ఆమె మాట రాకపోతే మిల్లులో ఒక దూది మూట కదిలేది కాదు.

నాకు ఆ అవ్వంటే భయం. మిల్లులో దూది చిమ్మే మనిషి ఒకామె ఉండేది, నా మాదిరే మొగుడు పోయిన మనిషి. ఒకసారి లారీ బయలుదేరుతుంటే దాని ముందర పడిన దూది ఎత్తబోయి, లేచేటప్పుడు బండికి చేయి ఆనించింది. ఆలూరు దారిలో ఆ లారీ ఇరుసు విరిగింది. మరుసటి రోజు ఆమె పనికి వస్తే, అవ్వ మాట మీద గేటు తీయలేదు. మిల్లు వెనక ఇచ్చిన గుడిసె కూడా పోయింది. చట్టీ, చాపా నెత్తిన పెట్టుకుని మా కొట్టు ముందరి నుంచే నడిచిపోయింది. ఎక్కడికి పోతున్నావని నేను అడగలేదు. ఎక్కడికీ కాదని ఆమె నడకలోనే తెలుస్తోంది. ఆనాటి నుంచి మిల్లు బండి ఏది కనపడినా నేను పరదా వెనక్కి పోయేదాన్ని.

ఆ ఏడు సావుకారు కూతురికి పెండ్లయింది. బొంబాయి అల్లుడు. దసరాకు వస్తూ మామకు ఒక కారు తెచ్చాడు. ఎక్కే కారు కాదు. మూరెడు పొడుగుంటుంది. దానికి తోడు ఒక డబ్బీ, డబ్బీకి సన్నని ఏరియల్. డబ్బీ మీద మీటలు కదిలిస్తే, మధ్యన వైరన్నది లేకుండానే, అంత దూరాన కారు ఇటూ అటూ తిరుగుతుంది. మీసాలు నెరిసిన సావుకారు పంచె ఎగగట్టి మిల్లు ఆవరణలో దాని వెంట పరిగెత్తుతున్నాడని ఊళ్లో నవ్వుకున్నారు.

మహర్నవమి వచ్చింది. మిల్లులో ఆయుధపూజ. మిషన్లకు, లారీలకు, కాటాకు, ఆఖరికి గోనెలు కుట్టే దబ్బనానికి కూడా పసుపూ కుంకుమా పెట్టారు. ఈ కారుకూ పెట్టారు. చామంతి దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆ తర్వాత కారు నడవలేదు.

దీపావళి ముందు రోజు పొద్దున మిల్లు లారీ డ్రైవరు దాన్ని తుండుగుడ్డలో చుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అన్నా, రేపు అల్లుడు వస్తాండాడు. తొలి దీపావళి. కారు యాడ మామా అంటే సావుకారు ఏం సూపిస్తాడు? పొద్దునకల్లా నడవల్ల. లేకుంటే టపాకాయలకు బదులు నిన్నూ నన్నూ పేలుస్తారు వాకిట్లో."

"ఇట్లాంటిది నేను జన్మలో ఇప్పలేదప్పా" అన్నాడు తమ్ముడు.

"రేడియోతో నడిసేదే గదా? నువ్వు రేడియో మనిషివే గదా?"

"పాట పాడేదీ రేడియోనే, సక్రం తిప్పేదీ రేడియోనే! అయితే బర్రె పాలిచ్చేది గూడ రేడియోతోనేనా?"

డ్రైవరు నవ్వాడు గాని తమ్ముడు నవ్వలేదు. కాదంటే సావుకారుకు కోపం, సరేనని చెడగొడితే ఇంకా కోపం. మరదలు నా చెయ్యి పట్టుకుని చెవిలో చెప్పింది: "వదినా, నువ్వు బయటికి రావాకు. దాని మీద పూజ కుంకుమ ఇంకా అట్లనే ఉండాది."

నేను గోనె పరదా సందులో కన్ను పెట్టి నిలబడ్డాను.

తమ్ముడు ముందు డబ్బీలోకి కొత్త సెల్లులు తెప్పించి వేశాడు. బండిని ఒక ఇనుప డబ్బా మీద కూర్చోబెట్టాడు, నాలుగు చక్రాలూ గాలిలో ఉండేటట్టు. మీట ఎడమకు తిప్పితే ముందు చక్రాలు చక్కగా ఎడమకు పోయాయి. కుడికి తిప్పితే సగం పోయి ఆగిపోయాయి. మీట వదిలేస్తే నడిమికి రాకుండా ఎడమకే మూతి పెట్టుకున్నాయి. ఇక పరిగెత్తించే మీట నొక్కితే లోపలి మోటారు కీచుమని అరుస్తోంది గాని, వెనక చక్రాల్లో ఒకటి కొంచెం కదిలి ఆగుతోంది, రెండోది అసలు కదలడం లేదు. ఆ కీచు చప్పుడుకు నా పండ్లు జివ్వుమన్నాయి. ఎవరో కిందపడి అరుస్తున్నట్టుంది.

"రెండు రోగాలు" అన్నాడు తమ్ముడు. "ముందరొకటి, ఎనకొకటి. కలిపి సూస్తే ఏదీ తేలదు. ముందరిది సూద్దాం."

చక్రాలను తిప్పే కడ్డీలు రెండున్నాయి, సన్నవి. వాటిని లోపలి చిన్న మోటారు నుంచి ఊడదీసి మీట తిప్పాడు. ఆ మోటారు ఎడమకెంతో కుడికీ అంతే తిరిగింది. అంటే చెప్పేవాడు సరిగ్గానే చెబుతున్నాడు, వినేవాళ్ల దగ్గరే అడ్డం ఉంది. చక్రాన్ని చేత్తో తిప్పి చూశాడు. కీలు దగ్గర పసుపూ, కుంకుమా, నిమ్మకాయ గుజ్జూ కలిసి ఎండి గచ్చు మాదిరి పట్టేసింది. ఆ పులుపుకు కీలులోని సీల తుప్పెక్కింది. సరే, అదొకటి. కడ్డీలు రెండూ పక్కపక్కన పెట్టాడు. ఒకటి నిటారుగా ఉంది. రెండోది విల్లు మాదిరి వంగి ఉంది.

తమ్ముడు తలెత్తి డ్రైవరు వైపు చూశాడు. "ఇది నడిసి వంగింది కాదు. ఎవరన్న మీదెక్కి తొక్కినారా?"

డ్రైవరు తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. "లారీ అయితే దాని బరువుకే నిమ్మకాయ నలుగుతాదన్నా. దీనికి బరువేది? కోడి గుడ్డు మీద పొదిగినట్ల కాయ మీద ఎక్కి కూసునింది. పూజ సేసే అయ్యవారేమో నలగల్ల, నలగల్ల అంటాండాడు. అందరూ నన్నే సూస్తాండారు. అరసేత్తో అట్ల ఒక నొక్కు నొక్కినా."

"ఎంత నొక్కు?"

"కాయ నలిగేంత."

డ్రైవరు ముఖం తెల్లబడింది. "నా పేరు సెప్పాకన్నా. అవ్వకు తెలిస్తే నా లారీ స్టీరింగు గూడ పోతాది."

అప్పుడు నాకు ఇంకొక భయం పుట్టింది. తమ్ముడు బాగుచేసినా, చేయకపోయినా, ఎవరో ఒకరి మీద ఈ నింద పడక తప్పదు. అది మనిషిని వెతుక్కుంటూ తిరుగుతోంది.

వెనక చక్రాల పని మొదలైంది. ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పితే రెండోది బిర్రబిగుసుకుని, కొంచెం వెనక్కి తిరిగింది. తమ్ముడు చేయి వెనక్కి తీసుకున్నాడు. "అయిపోయె. లోపల పండ్లు ఇరిగిపోయినాయి. ఒకటి ముందుకు పోతే ఇంకోటి ఎనక్కి పోతాండాది."

"అది ఇరిగినందుకు కాదన్నా, లారీకి గూడ అంతే. జాకీ పెట్టి ఎత్తి ఒక సక్రం తిప్పు, రెండోది ఎదురు తిరుగుతాది. మూల తిరిగేటప్పుడు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పోవల్ల గదా? కాకుంటే అంత బిర్రుగ ఉండకూడదు" అన్నాడు డ్రైవరు.

తమ్ముడు బండిని బోర్లించి, దీపం దగ్గర పెట్టి చూశాడు. వెనక చక్రానికీ ఇరుసు కీలుకూ నడుమ పచ్చగా ఏదో ఉంది. చామంతి దండ దారం. పూలన్నీ రాలిపోయినా దారం ఇరుసుకు చుట్టుకుని, చుట్టు మీద చుట్టు బిగిసి, చక్రాన్ని ఊపిరి ఆడకుండా పట్టుకుంది. తమ్ముడు కొస పట్టుకుని లాగాడు. తెగింది. ఇంకోసారి లాగితే ఇంకా లోపలికి తెగింది. బ్లేడు తీసుకున్నాడు. ఆ కీలు మీద పలుచని రబ్బరు తొడుగు ఉంది, బ్లేడు తగిలితే అది చీలుతుంది. బొంబాయిలో తప్ప దొరకదు. బ్లేడు కింద పెట్టేశాడు.

డ్రైవరు టీ తెస్తానని లేచి పోయాడు. తమ్ముడు పరదా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అక్కా, నీ సెయ్యి కావల్ల" అన్నాడు.

నేను కదలలేదు. మరదలు అడ్డం వచ్చింది. "నీకేమన్న మతి ఉండాదా? ఆయమ్మ ముట్టుకునిందని తెలిస్తే మన సామాన్లు వీధిలో ఉంటాయి."

"నడవకున్నా వీధిలోనే ఉంటాయి గదే."

మరదలు పక్కకు జరిగింది. చట్టీ, చాపా నెత్తిన పెట్టుకుని పోయిన మనిషి నా కండ్లకు కట్టింది. పరదా దాటి వచ్చి బల్ల ముందర కూర్చున్నాను.

తెగిన పోగులు వెతికి పట్టుకోవడం నాకు చిన్నప్పటి పని. మగ్గం మీద పోగు తెగితే లాగకూడదు. లాగితే పక్క పోగును కూడా బిగిస్తుంది. తెగిన కొసను తడిపి, మెత్తబరిచి, అది చుట్టుకున్న దిక్కుకు ఎదురు దిక్కులో ఒక్కొక్క చుట్టే వదిలించాలి. వేలు నీళ్లలో ముంచి అద్దాను. పసుపు కరిగి వేళ్ల మీదికి పారింది. పిన్నీసు మొనతో కొస దొరకబుచ్చుకున్నాను. చూపుడు వేలూ బొటనవేలూ వాటి పని అవి చేసుకుంటున్నాయి. తమ్ముడు చక్రాన్ని వెనక్కి కొంచెం తిప్పుతాడు, నేను ఒక చుట్టు తీస్తాను. మళ్లీ తిప్పుతాడు. చివరి చుట్టు ఊడివచ్చినప్పుడు చక్రం తనంతట తానే వదులై తిరిగింది.

తలెత్తేసరికి డ్రైవరు గడపలో ఉన్నాడు. రెండు చేతుల్లో టీ గ్లాసులు. నా చేతులు కారు మీదే ఉన్నాయి.

అతను నన్ను చూశాడు, కారును చూశాడు. గ్లాసులు బల్ల మీద పెట్టి, వీధి వైపు తిరిగి కూర్చున్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మిగిలిన పని తమ్ముడు చేశాడు. నేను పరదా వెనక్కి పోయానే గాని కండ్లు అక్కడే ఉన్నాయి. చక్రాలు చేత్తో తిరుగుతున్నాయి, మోటారు మాత్రం ఇంకా కీచుమంటోంది. దారం చక్రాన్ని పట్టుకున్నప్పుడు మోటారు గింజుకుని గింజుకుని, దాని కడ్డీ మీదున్న చిన్న పండ్లచక్రం సడలిపోయింది. దాన్ని బిగించే మర నువ్వుగింజంత. దాన్ని తిప్పే ఆరు పలకల చెవి మా దగ్గర లేదు. తమ్ముడు సైకిలు చక్రం పుల్ల ఒకటి తీసుకుని, కొసను ఆరు పలకలుగా అరగదీసి, దాంతో బిగించాడు. చిన్న పండ్లచక్రం పెద్దదాన్ని మరీ ఒరుసుకోకుండా, మరీ ఎడం కాకుండా, రెంటి నడుమ బీడీ కట్ట మీది కాగితం చింపి పెట్టి, మోటారును ఆనించి బిగించి, కాగితం లాగేశాడు. ముందు చక్రాల కీలులో పట్టిన పసుపు గచ్చు గీకి తుడిచి, వంగిన కడ్డీని చెక్క మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టాడు. కొట్టిన ప్రతిసారీ అది విరిగిందేమోనని నేను కండ్లు మూసుకున్నాను. విరగలేదు. నూనె వేద్దామా అని డ్రైవరు అంటే, "వద్దప్పా, ఆదోని గాలిలో నూనె అంటే దూదికి పరుపు ఏసినట్ల" అన్నాడు.

డబ్బా మీద పెట్టి మీట నొక్కితే కీచు లేదు. ఒకటే గుయ్యిమన్న చప్పుడు. వెనక చక్రాలు రెండూ తిరిగాయి. ముందువి కుడికీ ఎడమకూ సమంగా పోయి, వదిలేస్తే నడిమికి వచ్చి నిలబడ్డాయి. డ్రైవరు కారును తుండుగుడ్డలో చుట్టుకుని పోయాడు. పోతూ కూడా నా వైపు చూడలేదు.

అప్పుడు చేతులు చూసుకున్నాను. వేళ్లు పచ్చగా ఉన్నాయి. గోళ్ల సందుల్లో పసుపు. చింతపండుతో రుద్దాను, బొగ్గుపొడితో రుద్దాను, పోలేదు. బట్టల సబ్బు తీసుకుని గట్టిగా రుద్దాను. పసుపంతా ఎర్రబడిపోయింది. పెండ్లికూతురికి పారాణి పెట్టినట్టు నా వేళ్ల కొసలు ఎర్రగా మెరిశాయి. మరదలు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మొగుడు పోయిన దాని చేతికి పారాణి! ఎవరన్నా చూస్తే కారు సంగతి అడగనవసరం లేదు, ఆ చెయ్యే చాలు.

పండగ పొద్దున నేను సావుకారు ఇంటికి పోక తప్పదు. ప్రతి పండగకూ వాళ్ల పెరట్లో విసురురాయి దగ్గర పిండి విసిరేది నేనే. రానంటే ఎందుకు రాలేదని వెతుకుతారు. పోయాను. పండగ పిండివంట నిప్పట్లకు బియ్యం విసురుతూ చేతుల నిండా పిండి పూసుకున్నాను. తెల్లటి పిండి కింద ఎరుపు కనబడదు. చెమట పట్టినప్పుడల్లా మళ్లీ పూసుకున్నాను.

పెరటి తలుపు నుంచి వాకిలి కనబడుతుంది. అల్లుడు వచ్చాడు. కారు తెచ్చి వాకిట్లో పెట్టారు. తమ్ముడు చేతులు కట్టుకుని ఒక పక్కన, డ్రైవరు ఒక పక్కన, సావుకారు డబ్బీ పట్టుకుని నవ్వుతూ ఉన్నారు. అవ్వ ఆ రోజు తలుపు చాటున కాదు, అరుగు మీదనే కూర్చుంది.

"పసుపు కుంకుమ ఎవరు కడిగినారప్పా?" అంది.

తమ్ముడు తల వంచుకున్నాడు. నా చేతిలో విసురురాయి పిడి ఆగిపోయింది.

"నేనే తుడిసినా అవ్వా" అన్నాడు డ్రైవరు. "మట్టి పట్టుకోనుండె."

పిడి మళ్లీ తిప్పాను. కాని అవ్వ ఊరుకోలేదు. "పూజ బండి బోసిగ ఉండకూడదు. అల్లుడు పట్టుకునే ముందర మళ్లీ పెట్టండి. నిమ్మకాయ తొక్కించండి."

నిమ్మకాయ తెచ్చారు. ముందు చక్రం కింద పెట్టారు. కారు కాయ మీదికి ఎక్కి, అప్పటి మాదిరే కూర్చుంది. డ్రైవరు తమ్ముడి వైపు చూశాడు. పూజ నాడు ఏం జరిగిందో తమ్ముడు చెబితే డ్రైవరు పని పోతుంది, చెప్పకపోతే కడ్డీ పోతుంది. రెండోసారి వంగితే విరుగుతుంది. "నలగలేదు, నొక్కప్పా" అన్నారెవరో. డ్రైవరు అరచెయ్యి లేచింది.

"నొక్కాకప్పా! కడ్డీ ఇరిగిపోతాది!"

ఆ బొంగురు గొంతు నాదేనని నాకే ఆలస్యంగా తెలిసింది. వాకిలి మొత్తం పెరటి తలుపు వైపు తిరిగింది.

"ఎవరది?" అన్నాడు సావుకారు.

"మా అక్క" అన్నాడు తమ్ముడు, వినబడీ వినబడకుండా.

"కడ్డీ సంగతి ఆయమ్మకెట్ల తెలుసు?" అంది అవ్వ. నా వైపు చెయ్యి ఊపింది. "రా ఇట్లా."

గడప దాటి పోయి ఆమె ముందర నిలబడ్డాను. చేతులు కొంగులో చుట్టుకున్నాను.

"సేతులు సూపించు."

చూపించాను. చెమటకు పిండి ముద్దలై రాలిపోయింది. గోళ్ల చుట్టూ ఎరుపు. అవ్వ నా చెయ్యి పట్టుకోలేదు, వంగి చూసింది. ఆ చూపులో నాకు మా కొట్టు బల్ల, గోనె పరదా, చాప అన్నీ వీధిలో పడినట్టే కనిపించాయి.

"ముందు బండిని పోనియ్యండి" అంది కొడుకుతో. "సూద్దాం."

డ్రైవరు కాయ మీది నుంచి కారును ఎత్తి నేల మీద పెట్టాడు. సావుకారు మీట నొక్కాడు. కారు గుయ్యిమని లేచింది. వాకిట్లో ముగ్గుకూ గోడకూ నడుమ గీత గీసినట్టు తిన్నగా పోయింది, గేటు దగ్గర కుడికి తిరిగింది, ఎడమకు తిరిగింది, తిరిగి వచ్చి అల్లుడి కాళ్ల దగ్గర ఆగింది. అల్లుడు చప్పట్లు కొట్టాడు. అందరూ మళ్లీ దాని వెంట పడ్డారు.

"నిమ్మకాయ తొక్కించొద్దు" అంది అవ్వ డ్రైవరుతో. "దిగదుడిసి పారెయ్."

తర్వాత నా వైపు చూడకుండానే, గొంతు తగ్గించి అడిగింది. "సబ్బు పెట్టినావా?"

తల ఊపాను.

"సబ్బు పెడితే ఎర్రగయితాది. మొగుడు పోయినాక నా సేతులు గూడ ఒకనాడు అట్లనే అయినాయి. ఎండలో పెట్టు, పోతాది."

అంతే అంది. క్షమించానని గాని, ఉండమని గాని, పొమ్మని గాని అనలేదు. నేను పెరట్లోకి పోయి విసురురాయి పక్కన ఎండలో రెండు చేతులూ చాపి కూర్చున్నాను. ఎండ జరిగితే నేనూ జరిగాను. ఎరుపు పోయి పసుపైంది, పసుపు మెల్లగా పాలిపోయింది. కాని ఇంటికి పోతే గది తాళం వేసి ఉంటుందేమోనన్న భయం పాలిపోలేదు. దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాను. మరదలు గడపలో దీపం పెడుతోంది. బల్ల బల్ల చోటే ఉంది. అయినా ఆ వారమంతా మిల్లు లారీ చప్పుడు విన్నప్పుడల్లా డ్రైవరు కబురు తెచ్చాడేమోనని పరదా వెనక నిలబడే ఉన్నాను.

డ్రైవరు వచ్చాడు, చలి మొదలయ్యాక. చంకలో తుండుగుడ్డ మూట. సావుకారు గోడకు కొట్టాడట, మళ్లీ ముందు చక్రం ఒక పక్కకు లాగుతోందట. తమ్ముడు బల్ల మీద చోటు చేశాడు. డ్రైవరు బల్ల మీద పెట్టలేదు. పరదా ఎత్తి, లోపలికి వంగి, నా ముందర చాప మీద పెట్టాడు.

"అవ్వ సెప్పిందక్కా, ఈడ పెట్టమని."

నేను దాన్ని వెంటనే ముట్టుకోలేదు. వాకిట్లోకి పోయి, రెండు చేతులూ ఎండకు పట్టి, వేలు వేలూ ఎరుపు లేదని చూసుకుని, అప్పుడు వచ్చి కూర్చున్నాను.